ఆకాశం పొలిమేరలో మంచుగడ్డలు

ప్రతి ఊరికీ ఒక పొలిమేర ఉంటుంది. ఇండ్లు అయిపోతాయి. చేన్లు అయిపోతాయి. చెరువు కట్ట దాటుతాం. ఆ తర్వాత గుట్టలు, బండలు, పొదలు. పొలిమేర దాకా మనం రోజూ పోము. అయినా అక్కడ ఏమీ లేదని అనుకోము. ఏదో ఉంటుందని తెలుసు.

సూర్యునికి కూడా ఒక ఊరుంది. మన భూమి ఆ ఊర్లో ఒక ఇల్లు. ఆ ఊరికీ పొలిమేర ఉంది. అక్కడ కోట్లకొద్దీ మంచుగడ్డలు చీకట్లో తిరుగుతున్నాయి. అప్పుడప్పుడు వాటిలో ఒకటి దారి తప్పి మన దగ్గరికి వస్తుంది. అప్పుడు మనం దాన్ని తోకచుక్క అంటాం.

తోకచుక్క పేరు చెబితే మన ఊర్లలో ఇప్పటికీ భయపడతారు. "తోకచుక్క పొడిస్తే కరువొస్తది" అంటారు. "రాజు చస్తడు" అంటారు. అది నిజమా? ఆ చుక్క ఎక్కడి నుంచి వస్తుంది? దాని తోక దేనితో చేసింది? తెలుసుకుందాం.

సూర్యుని ఊరు

సూర్యుని చుట్టూ ఎనిమిది గ్రహాలు తిరుగుతాయి. బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు, గురుడు, శని. ఈ పేర్లు మనకు తెలిసినవే. వీటిలో కొన్ని వారాల పేర్లలో కూడా ఉన్నాయి. వీటి తర్వాత ఇంకా రెండు ఉన్నాయి. వాటి పేర్లు యురేనస్, నెప్ట్యూన్. అవి చాలా దూరం. మామూలుగా కంటికి కనిపించవు. దుర్బిణి వచ్చిన తర్వాతే మనుషులు వాటిని గుర్తుపట్టారు.

గ్రహాలు సూర్యుని మీద పడిపోవు. దూరంగా పారిపోవు. ఎందుకు? జొన్న చేను కాడ ఒడిసెల తిప్పడం చూసే ఉంటారు. రాయి బయటికి పోవాలని చూస్తుంది. తాడు లోపలికి గుంజుతుంది. అందుకే రాయి గుండ్రంగా తిరుగుతుంది. సూర్యుడు కూడా గ్రహాలను అట్లాగే గుంజి పట్టుకుంటాడు. ఇక్కడ తాడు కనిపించదు. ఆ గుంజే బలాన్నే ఆకర్షణ అంటారు.

శనగగింజ లెక్క

సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. కోట్ల లెక్క మనసుకు ఎక్కదు. అందుకని చిన్న లెక్క వేసుకుందాం.

నల్లగొండ గడియారం స్తంభం కింద ఒక శనగగింజ పెట్టండి. అదే సూర్యుడు. జాకెట్టు గుడ్డ కొలిచే మీటరు తెలుసు కదా! గింజకు ఒక మీటరు దూరంలో భూమి ఉంటుంది. ఈ లెక్కలో భూమి ఎంత ఉంటుంది? చేటలో మిగిలిన పిండి నలుసంత. మనం, మన ఊర్లు, సముద్రాలు, గుట్టలు అన్నీ ఆ నలుసు మీదనే ఉన్నాయి.

ఇప్పుడు నడుద్దాం. అయిదు మీటర్ల దగ్గర గురుడు. తొమ్మిదిన్నర మీటర్ల దగ్గర శని. పంతొమ్మిది మీటర్ల దగ్గర యురేనస్. ముప్పై మీటర్ల దగ్గర నెప్ట్యూన్. ఇక్కడికి గ్రహాలు అయిపోయినయి. మనం ఇంకా గడియారం స్తంభం దగ్గరనే ఉన్నాం. రోడ్డు కూడా దాటలేదు.

ముప్పై మీటర్ల నుంచి యాభై మీటర్ల దాకా ఒక పెద్ద గుండ్రటి పట్టీ ఉంది. అది మంచుగడ్డల పట్టీ. దానికి కైపర్ పట్టీ అని పేరు. కైపర్ ఒక శాస్త్రవేత్త. ఆయన పేరే దీనికి పెట్టారు.

అయితే సూర్యుని పొలిమేర ఇక్కడ అయిపోలేదు. ఇంకా నడవాలి. రెండు, మూడు కిలోమీటర్లు పోతే మరో మంచుగడ్డల గుంపు మొదలవుతుంది. అది ఎక్కడిదాకా ఉందో తెలుసా? దాదాపు 100 కిలోమీటర్ల దాకా. అంటే నల్లగొండ నుంచి హైదరాబాదు దాకా! పాలమూరు అక్కలు తమ ఊరి గడియారం స్తంభం కింద గింజ పెట్టుకోండి. అక్కడి నుంచి కూడా హైదరాబాదు అంతే దూరం. శనగగింజంత సూర్యుడు అంత దూరం దాకా గుంజి పట్టుకుంటున్నాడు.

ఈ రెండో గుంపుకు ఊర్ట్ గుంపు అని పేరు. ఊర్ట్ అనే ఆయనది నెదర్లాండ్స్ దేశం. దూరం నుంచి వచ్చే తోకచుక్కల దారులను ఆయన లెక్క కట్టాడు. అవి ఒక దిక్కు నుంచి రావడం లేదు. అన్ని దిక్కుల నుంచీ వస్తున్నాయి. కాబట్టి సూర్యుని చుట్టూ, బంతి లెక్క, మంచుగడ్డల గుంపు ఉండాలని 1950లో చెప్పాడు. అక్కడికి ఇప్పటిదాకా ఏ నౌకా పోలేదు. 1977లో వాయేజర్ అనే నౌకను అమెరికా పంపింది. మనిషి చేసిన వస్తువుల్లో అన్నిటికంటే దూరం పోయింది అదే. అది మన శనగగింజ లెక్కలో దాదాపు 170 మీటర్లే పోయింది. ఊర్ట్ గుంపు మొదలు చేరడానికే దానికి ఇంకా కొన్ని వందల ఏండ్లు పడుతుంది.

అక్కడ మంచు ఎట్లా వచ్చింది?

ఇల్లు కట్టినంక చూడండి. ఇల్లు పూర్తవుతుంది. పక్కన కొంత ఇసుక, కొన్ని ఇటుకలు, కంకర మిగిలిపోతాయి. సూర్యుని ఊరు కూడా అట్లాగే కట్టుకున్నది. దాదాపు 460 కోట్ల ఏండ్ల కింద పెద్ద దుమ్ము, గాలి మేఘం ఉండేది. అది ముడుచుకుపోయి సూర్యుడు అయింది. మిగిలిన దుమ్ము, గాలి ముద్దలు కట్టి గ్రహాలు అయినాయి. ఇంకా కొంత మిగిలిపోయింది. పొలిమేరలో తిరిగే మంచుగడ్డలు ఆ మిగిలిపోయిన సామానే.

సూర్యుని దగ్గర వేడి ఎక్కువ. అక్కడ మంచు నిలవదు. పొలిమేరలో సూర్యుడు ఒక మెరిసే చుక్క లెక్క కనిపిస్తాడు. వేడి దాదాపు అందదు. నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. అక్కడ చలి సున్నాకు కింద 220, 230 డిగ్రీలు ఉంటుంది. అంత చలికి నీళ్లే కాదు, గాలి కూడా గడ్డకడుతుంది.

గాలి గడ్డకట్టుడేంది అంటారా? మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం నత్రజని. యూరియా సంచి మీద కూడా ఈ పేరు చదివి ఉంటారు. అక్కడ నత్రజని మంచులాగా పరుచుకుని ఉంటుంది. పేడతో నడిచే గోబర్ గ్యాసు తెలుసు కదా! అందులో మండేది మీథేన్. పొలిమేరలో ఆ మీథేన్ కూడా గడ్డకట్టి ఉంటుంది.

ప్లూటో కథ

కైపర్ పట్టీలో అందరికీ తెలిసిన పేరు ప్లూటో. 1930లో అమెరికాలో క్లైడ్ టాంబా అనే 24 ఏండ్ల యువకుడు దాన్ని కనుక్కున్నాడు. అతడు రైతు కొడుకు. అప్పటికి కాలేజీ చదువు లేదు. రాత్రిపూట ఆకాశాన్ని ఫొటోలు తీసేవాడు. కొన్ని దినాల తర్వాత అదే జాగాను మళ్లీ తీసేవాడు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసేవాడు. లక్షల చుక్కలు ఉన్నచోటనే ఉన్నాయి. ఒక చిన్న చుక్క మాత్రం జరిగింది. అదే ప్లూటో.

దానికి ఆ పేరు చెప్పింది ఎవరో తెలుసా? ఇంగ్లండులో పదకొండు ఏండ్ల ఆడపిల్ల. ఆమె పేరు వెనీషియా బర్నీ. పొద్దున నాష్టా చేస్తూ తాతతో ఆ పేరు అన్నది. తాత దాన్ని శాస్త్రవేత్తలకు చేరవేశాడు. వాళ్లు ఒప్పుకున్నారు.

చాలా ఏండ్లు ప్లూటోను తొమ్మిదో గ్రహం అన్నారు. మన పిల్లల పుస్తకాల్లో కూడా అట్లాగే ఉండేది. తర్వాత ఆ చుట్టుపక్కల ఇంకా చాలా మంచుగడ్డలు దొరికాయి. ప్లూటో వాటిలో ఒకటి అని తేలింది. అది మన చందమామ కంటే కూడా చిన్నది. అందుకని 2006లో దానిని మరుగుజ్జు గ్రహం అన్నారు. గ్రహాలు ఎనిమిదే అని తేల్చారు. కొత్త సంగతి తెలిస్తే పాత మాట దిద్దుకోవడం శాస్త్రం పద్ధతి.

ప్లూటో సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి 248 ఏండ్లు పడుతుంది. 1930లో మనం దాన్ని చూశాం. అప్పటి నుంచి అది సగం చుట్టు కూడా పూర్తి చేయలేదు.

2006 జనవరిలో అమెరికా నుంచి న్యూ హొరైజన్స్ అనే నౌక ప్లూటోకు బయలుదేరింది. తొమ్మిదిన్నర ఏండ్లు పోయింది. 2015 జులై 14న ప్లూటో పక్క నుంచి దాటింది. ఫొటోలు పంపింది. అందులో మంచు గుట్టలు ఉన్నాయి. తెల్లటి పెద్ద మంచు మైదానం ఉంది. ఆ నౌకను భూమి మీద నుంచి నడిపించిన బృందానికి పెద్ద ఆలిస్ బౌమన్ అనే మహిళ. ఆ నౌక ఇంకా ముందుకు పోయి 2019 జనవరి 1న ఆరొకోత్ అనే చిన్న మంచుగడ్డను చూసింది. రెండు పిండిముద్దలను అంటించినట్టు ఉంది ఆ గడ్డ. భూమికి 650 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది.

అయిదేండ్లు వెతికిన జేన్ లూ

ప్లూటో దొరికిన తర్వాత అరవై ఏండ్ల దాకా, ప్లూటో, దాని చందమామ తప్ప అక్కడ ఇంకేమీ దొరకలేదు. "అక్కడ ఏమీ లేదు" అన్నవాళ్లు చాలామంది.

జేన్ లూ వియత్నాం దేశంలో పుట్టింది. అక్కడ యుద్ధం జరిగింది. 1975లో ఆమె కుటుంబం ఇల్లు వాకిలి వదిలి అమెరికాకు పోయింది. అప్పుడామె పన్నెండేండ్ల పిల్ల. కొత్త దేశం. కొత్త భాష. అయినా చదువు వదలలేదు. పెద్ద చదువుల కోసం పోయినప్పుడు డేవిడ్ జ్యూవిట్ అనే ఆయనతో కలిసి పొలిమేరను వెతకడం మొదలుపెట్టింది. అయిదేండ్లు వెతికారు. 1992 ఆగస్టులో హవాయి దీవిలో కొండ మీది దుర్బిణి నుంచి చూస్తుంటే, మెల్లగా జరిగే ఒక చిన్న చుక్క కనిపించింది. అది ప్లూటో అవతలి మంచుగడ్డ. ఆ తర్వాత అట్లాంటివి వేల సంఖ్యలో దొరికాయి.

తోక ఎట్లా వస్తుంది?

పొలిమేరలో ఉన్నంతకాలం మంచుగడ్డకు తోక ఉండదు. అది నల్లగా, చల్లగా ఉంటుంది. పెద్ద గ్రహమో, దూరపు చుక్కో దాన్ని కొంచెం గుంజితే దారి మారుతుంది. సూర్యుని వైపు వస్తుంది.

సూర్యుని దగ్గరికి వస్తున్నకొద్దీ దానికి వేడి తగులుతుంది. ఇప్పుడు కర్పూరం గుర్తు చేసుకోండి. కర్పూరం బిళ్లను మూత లేకుండా పెడితే ఏమవుతుంది? నాలుగు దినాల్లో తరిగిపోతుంది. అది కరిగి నీళ్లు కాలేదు. నేరుగా గాలిలో కలిసింది. తోకచుక్కలోని మంచు కూడా అట్లాగే నేరుగా ఆవిరి అవుతుంది. మంచులో ఇరుక్కున్న దుమ్ము కూడా బయటపడుతుంది. గడ్డ చుట్టూ పొగమంచు లెక్క కమ్ముకుంటుంది. అది చుక్క తల.

మరి తోక? కల్లంలో వడ్లు తూర్పారబట్టడం మనకు తెలుసు. చేట ఎత్తి పోస్తే గింజలు కింద పడతాయి. పొల్లు గాలి వాలుకు ఎగిరిపోతుంది. సూర్యుని నుంచి కూడా ఎప్పుడూ ఒక గాలి వీస్తూ ఉంటుంది. వెలుగు కూడా కొంచెం నెడుతుంది. ఆ రెండూ కలిసి తోకచుక్క ఆవిరిని, దుమ్మును వెనక్కు నెడతాయి. అదే తోక. అది లక్షల కిలోమీటర్లు ఉంటుంది. కోట్ల కిలోమీటర్లు కూడా ఉంటుంది.

తోక ఎప్పుడూ సూర్యునికి ఎదురు దిక్కునే ఉంటుంది. తోకచుక్క సూర్యుని వైపు వస్తుంటే తోక వెనక ఉంటుంది. తిరిగి పోతుంటే తోక ముందు ఉంటుంది! గాలి ఎటు వీస్తే పొల్లు అటే పోతుంది కదా!

ఇంత పెద్ద తోక ఉన్నా లోపలి గడ్డ చిన్నదే. హేలీ తోకచుక్క గడ్డ పొడవు దాదాపు 15 కిలోమీటర్లు. 1986 మార్చిలో ఐరోపా వాళ్లు పంపిన నౌక దగ్గరికి పోయి ఫొటో తీసింది. గడ్డ బొగ్గు లెక్క నల్లగా ఉంది. పైన దుమ్ము, లోపల మంచు. 2014లో ఒక నౌక పదేండ్లు పయనించి ఇంకో తోకచుక్క దగ్గరికి పోయింది. దాని మీద ఒక చిన్న యంత్రాన్ని దించింది. ఆ తోకచుక్కను 1969లో కనుక్కున్న ఇద్దరిలో ఒకరు స్వెత్లానా గెరాసిమెంకో అనే మహిళ.

పోయి వచ్చే చుక్కలు

పాలమూరు నుంచి ఎంతోమంది పని కోసం వలస పోతారు. కొందరు ప్రతి ఏడాది పండుగకు వస్తారు. కొందరు నాలుగేండ్లకు ఒకసారి వస్తారు. ఎంత దూరం పోయినవాళ్లు అంత ఆలస్యంగా వస్తారు. తోకచుక్కలు కూడా అంతే. దగ్గరి దారిలో తిరిగేవి కొద్ది ఏండ్లకే వస్తాయి. ఊర్ట్ గుంపు నుంచి వచ్చేవి వేల ఏండ్లకు, లక్షల ఏండ్లకు వస్తాయి. కొన్ని మళ్లీ రానే రావు.

ఇంగ్లండులో ఎడ్మండ్ హేలీ అనే ఆయన పాత రాతలన్నీ తీసి చూశాడు. 1531లో, 1607లో, 1682లో తోకచుక్కలు వచ్చినట్టు రాసి ఉంది. నడుమ దాదాపు 76 ఏండ్లు. "ఇవి మూడు కావు, ఒక్కటే. 1758లో మళ్లీ వస్తుంది" అన్నాడు. ఆయన 1742లో చనిపోయాడు. చెప్పినట్టే 1758లో అది కనిపించింది. దానికి ఆయన పేరే పెట్టారు. 1910లో వచ్చింది. 1986లో వచ్చింది. 2023 డిసెంబరులో తన దారిలో చివరి మలుపు తిరిగింది. ఇప్పుడు మన వైపు వస్తూ ఉంది. 2061లో మళ్లీ కనిపిస్తుంది. ఇప్పుడు మీ ఒడిలో ఉన్న పిల్లలు దాన్ని చూస్తారు.

1997లో హేల్-బాప్ అనే తోకచుక్క చాలా దినాలు కంటికి కనిపించింది. 2024 అక్టోబరులో పొద్దుగూకినంక పడమర దిక్కున ఇంకో తోకచుక్క కనిపించింది. అది ఊర్ట్ గుంపు నుంచి వచ్చింది.

తోకచుక్క దారిలో రాల్చిన దుమ్ము అక్కడే ఉండిపోతుంది. ఏడాదికోసారి భూమి ఆ దుమ్ములోంచి పోతుంది. దుమ్ము నలుసులు మన గాలిలో రాపిడికి మండిపోతాయి. "చుక్క తెగిపడింది" అంటాం కదా, అదే ఇది. నిజానికి పడింది చుక్క కాదు, నలుసు. ప్రతి ఏడాది మే నెలలో, అక్టోబరు నెలలో తెగిపడే చుక్కలలో కొన్ని హేలీ తోకచుక్క రాల్చిన దుమ్మే.

హైదరాబాదులో పెరిగిన బాప్పు

ఈ పని అంతా పరాయి దేశాల వాళ్లే చేశారా? లేదు. మన దగ్గర కూడా చేశారు.

1901లో నవాబు జాఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి పెద్ద దుర్బిణి తెప్పించి హైదరాబాదులో పెట్టాడు. తర్వాత అది ప్రభుత్వం చేతికి వచ్చింది. దాని పేరు నిజామియా వేధశాల. వేధశాల అంటే ఆకాశాన్ని చూసి లెక్కలు రాసే చోటు. అప్పట్లో లోకంలోని వేధశాలలు ఆకాశాన్ని చేను పంచుకున్నట్టు పంచుకున్నాయి. ఎవరి వాటా చుక్కలను వాళ్లు ఫొటోలు తీసి లెక్క రాయాలి. హైదరాబాదుకు కూడా ఒక వాటా వచ్చింది. ఇక్కడివాళ్లు లక్షల చుక్కల జాగాలు కొలిచి పుస్తకాలకు ఎక్కించారు.

ఆ వేధశాలలో పనిచేసే ఒకాయన కొడుకు వైను బాప్పు. వాళ్లది కేరళ. పిల్లవాడు పుట్టింది 1927లో మద్రాసులో. పెరిగింది హైదరాబాదులో. నిజాం కాలేజీలో చదివాడు. చిన్నప్పటి నుంచి దుర్బిణి పక్కనే పెరిగాడు. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని హార్వర్డ్‌కు పోయాడు. 1949 జులై 2 రాత్రి ఆకాశం ఫొటో తీస్తే అందులో కొత్త తోకచుక్క కనిపించింది. అప్పుడతనికి 21 ఏండ్లు. బాక్ అనే గురువు, న్యూకిర్క్ అనే తోటి విద్యార్థి అతనితో కలిసి అది కొత్తదే అని తేల్చారు. దానికి బాప్పు-బాక్-న్యూకిర్క్ అని ముగ్గురి పేర్లూ పెట్టారు. అది మళ్లీ రావడానికి దాదాపు 60 వేల ఏండ్లు పడుతుందని లెక్క కట్టారు.

బాప్పు మన దేశానికి తిరిగి వచ్చాడు. తమిళనాడులో కావలూరు అనే చోట పెద్ద వేధశాల కట్టించాడు. 1982లో చనిపోయాడు. 1986లో అక్కడి పెద్ద దుర్బిణికి ఆయన పేరు పెట్టారు.

మనకు ఇంకా దగ్గరలో ఒక వేధశాల ఉంది. ఇబ్రహీంపట్నం దాటినంక జపాల్, రంగాపూర్ అని రెండు ఊర్లున్నాయి. ఆ రెండూర్ల నడుమ గుట్ట మీద ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు వేధశాల కట్టారు. అక్కడ 48 అంగుళాల అద్దం ఉన్న దుర్బిణి పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడడానికి శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చారు. హేలీ తోకచుక్క వచ్చినప్పుడు కూడా అక్కడి నుంచి చూసి లెక్కలు రాశారు.

భయం ఎవరికి? లాభం ఎవరికి?

1910లో హేలీ తోకచుక్క వచ్చింది. మే నెలలో భూమి దాని తోకలోంచి పోతుందని శాస్త్రవేత్తలు చెప్పారు. తోకలో విషపు గాలి ఉందని పుకారు లేచింది. కొన్ని దేశాలలో "తోకచుక్క విషానికి మందు" అని గోలీలు అమ్మారు. జనం కొన్నారు. భూమి పోయింది, వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. తోక అంత పలచన. గోలీలు అమ్మినవాళ్లు మాత్రం డబ్బు చేసుకున్నారు.

అదే 1910లో గురజాడ అప్పారావు 'ముత్యాల సరాలు' రాశాడు. అందులో తోకచుక్క ఉంది. ఆయన దాన్ని కీడు అనలేదు. మంచి మార్పుకు గుర్తుగా చూశాడు.

ఇది పాత సంగతి అనుకోకండి. 2012లో కూడా పుకారు లేచింది. ఆకాశం పొలిమేర నుంచి ఒక పెద్ద గ్రహం వస్తున్నదని, డిసెంబరు 21న భూమిని గుద్దుతుందని, యుగాంతమని చెప్పారు. టీవీలలో దినాలకొద్దీ చూపించారు. డిసెంబరు 22న పొద్దు ఎప్పటిలాగే పొడిచింది. ఇప్పుడు అట్లాంటి మాటలు ఫోన్లలో వస్తున్నాయి.

ఒక్క మాట ఆలోచించండి. తోకచుక్క పొడిచిందని భయపెట్టి శాంతి చేయాలంటారు. ఖర్చు ఎవరిది? మనది. ఆ నెలలో వాన పడకపోతే, గొడ్డు చస్తే, ఇంట్లో ఎవరికన్నా జబ్బు చేస్తే ఎవరిని అంటారు? కొత్తగా వచ్చిన కోడలిని అంటారు. మొగుడు చనిపోయిన ఆడమనిషిని అంటారు. "దీని అడుగు మంచిది కాదు" అంటారు. కోట్ల కిలోమీటర్ల దూరంలో పోయే మంచుగడ్డకు, ఇంటి కోడలి అడుగుకు ఏం సంబంధం? కరువు తోకచుక్క పొడవని ఏడాది కూడా వచ్చింది. తోకచుక్క పొడిచిన ఏడాది పంట పండిన ఊర్లూ ఉన్నాయి. చదువు వచ్చినవాళ్లు ఈ లెక్క అడగాలి. "ఎవరు చెప్పిండ్రు? ఏ ఏడాది? ఎక్కడ రాసి ఉంది?" అని అడగాలి.

"అది మన మీద పడదా?" అని కూడా అడగొచ్చు. మంచి ప్రశ్న. పడడం చాలా చాలా అరుదు. ఆకాశం అంత పెద్దది. అయినా శాస్త్రవేత్తలు ఊరుకోలేదు. భూమి దగ్గరికి వచ్చే రాళ్లను, మంచుగడ్డలను రోజూ రాత్రి వెతికి, వాటి దారులు లెక్క రాస్తున్నారు. భయానికి మందు గోలీలు కావు, ఈ కాపలానే.

ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు

కరోలిన్ హెర్షెల్ 1750లో జర్మనీలో పుట్టింది. చిన్నప్పుడు మశూచి వచ్చింది. తర్వాత ఇంకో జబ్బు చేసి ఎత్తు పెరగలేదు. "దీనికి పెండ్లి కాదు, ఇంటి పని చేసుకుంటూ పడి ఉంటుంది" అనుకున్నారు. తల్లి ఎక్కువ చదువు చెప్పించలేదు. ఇరవై రెండేండ్లకు అన్న దగ్గరికి ఇంగ్లండు పోయింది. అక్కడ లెక్కలు నేర్చుకుంది. ఎక్కాలు ఆమెకు నోటికి రాలేదు. కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకునేది! ఆ కాగితంతోనే ఆకాశం లెక్కలు కట్టింది. 1786లో తోకచుక్కను కనుక్కుంది. మొత్తం ఎనిమిది కనుక్కుంది. రాజు ఆమెకు జీతం ఇచ్చాడు.

కరోలిన్ షూమేకర్‌ది అమెరికా. ముగ్గురు పిల్లల తల్లి. పిల్లలు పెద్దయ్యేదాకా ఇల్లు చూసుకుంది. ఆకాశ శాస్త్రం చదువుకోలేదు. యాభై ఏండ్లు దాటినంక ఈ పని నేర్చుకుంది. రెండు ఫొటోలు పెట్టి జరిగే చుక్కను వెతకడమే పని. కంటికి ఓపిక కావాలి. ఆమె 32 తోకచుక్కలు కనుక్కుంది. 1993లో ఆమె, భర్త, ఇంకో మిత్రుడు కలిసి కనుక్కున్న తోకచుక్క ముక్కలై ఉంది. 1994 జులైలో ఆ ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి గురుడి మీద పడ్డాయి. భూమి అంత పెద్ద నల్లటి మచ్చలు పడ్డాయి. లోకమంతా చూసింది. 2021లో ఆమె చనిపోయింది.

"ఈ వయసుల మనకెందుకు చదువు" అనేవాళ్లకు ఈ ఇద్దరి పేర్లు చెప్పండి.

మనం ఎట్లా చూడాలి?

తోకచుక్క వస్తుందని పేపర్లో రాస్తారు. ఏ దిక్కు, ఏ వేళ అనేది చదవండి. వీధి దీపాలు లేని చోటికి, చేన్ల వైపు, నలుగురు కలిసి పోండి. పది నిమిషాలు చీకట్లో ఉంటే కండ్లకు అలవాటవుతుంది. పిల్లలకోడి, గొల్లకావడి మీకు తెలిసిన చుక్కలే. వాటిని గుర్తుగా పెట్టుకోండి. తోకచుక్క మసక దూదిపింజ లెక్క కనిపిస్తుంది. అది చుక్క తెగినట్టు సర్రున పోదు. ఒక్కచోటనే నిలబడినట్టు ఉంటుంది. రేపు చూస్తే కొంచెం జరిగి ఉంటుంది. కండ్లద్దాల లెక్క పట్టుకునే చిన్న దుర్బిణి ఉంటే ఇంకా బాగా కనిపిస్తుంది. పొద్దు ఉన్నప్పుడు దుర్బిణితో సూర్యుని వైపు ఎప్పుడూ చూడొద్దు. కండ్లు పోతాయి.

పిల్లలను వెంట తీసుకుపోండి. ముఖ్యంగా ఆడపిల్లలను. "భయపడకు, అది మంచుగడ్డ, దాని తోక ఆవిరి, దుమ్ము" అని మీ నోటితో చెప్పండి.

కొత్త మాటలు

ఆకర్షణ – ఒక వస్తువు ఇంకోదాన్ని తన వైపు గుంజే బలం
దుర్బిణి – దూరపు వస్తువులను దగ్గరగా చూపించే సాధనం
వేధశాల – ఆకాశాన్ని చూసి లెక్కలు రాసే చోటు
కైపర్ పట్టీ – నెప్ట్యూన్ అవతల ఉన్న మంచుగడ్డల పట్టీ
ఊర్ట్ గుంపు – సూర్యుని ఊరి చిట్టచివర ఉన్న మంచుగడ్డల గుంపు
మరుగుజ్జు గ్రహం – ప్లూటోలాంటి చిన్న గ్రహం

చేసి చూద్దాం

1. కర్పూరం బిళ్లను పళ్లెంలో పెట్టండి. పిల్లలకు అందకుండా ఉంచండి. రోజూ చూడండి. ఎన్ని దినాలకు తరిగిపోయింది? కింద నీళ్లు ఉన్నాయా?
2. బడి వాకిట్లో శనగగింజ పెట్టి మీటర్లు కొలవండి. ఎనిమిది గ్రహాలకు ఎనిమిది రాళ్లు పెట్టండి. నెప్ట్యూన్ రాయి వాకిట్లో పట్టిందా?

మాట్లాడుకుందాం

1. తోకచుక్క తోక సూర్యునికి ఎదురు దిక్కున ఎందుకు ఉంటుంది?
2. హేలీ తోకచుక్క 2061లో వస్తుంది. అప్పటికి మీ ఇంట్లో చిన్న పాపకు ఎన్ని ఏండ్లు ఉంటాయి? లెక్క వేయండి.
3. మీ ఊర్లో తోకచుక్క గురించి, గ్రహణం గురించి ఏమేం చెబుతారు? వాటిలో ఏది కంటితో చూసిన సంగతి? ఏది విన్న మాట?
4. ఎవరి అడుగో మంచిది కాదని మీ వాడలో ఎవరినైనా అన్నారా? అప్పుడు మీరేమన్నారు? ఇప్పుడైతే ఏమంటారు?